దేముడమ్మ పొయ్యి పొగ

అనగనగా ఒక కాలం. ఎంత పాత కాలమంటే, సముద్రానికి అప్పటికి ఉప్పు సగమే పట్టింది. తాడిచెట్టంత కెరటాలు లేచే ఒడ్డున ఒక జాలరిపేట ఉండేది. పేట కొసన, ఇసక దిబ్బ మీద, దేముడమ్మ గుడిసె. మొగుడు లేడు. ఉన్నది ఒక్క కొడుకు ఎల్లాజీ, ఒక్క పొయ్యి.

పొయ్యంటే అలాంటిలాంటి పొయ్యి కాదు! దాని మీద చోడి అంబలి కుతకుతమంటే ఏడామడల అవతల చేపలు కూడా ఒడ్డువైపు తిరిగేవట. తెప్ప దిగిన ప్రతివాడికీ దేముడమ్మ ఒక గరిటె పోసేది. పగలు ఆ పొగ చూసి, రాత్రి ఆ మంట చూసి తెప్పలు ఇంటికొచ్చేవి.

"ఓలప్పా, నీ పొయ్యి ఎప్పుడన్నా ఆరుతాదేటి? సందమామకి కూడా మసి అంటించీసినావు" అని పక్క గుడిసె నూకాలు ఎకసెక్కాలాడేది.

"నా కొడుకు నీళ్ల మీదుంటే నా పొయ్యి ఆరదే" అనేది దేముడమ్మ.

ఒకనాడు ఎల్లాజీ వేటకెళ్లాడు. తోడుగా కారయ్య. తల్లీతండ్రీ లేని కారయ్య కూడా ఆ పొయ్యి దగ్గరే తిని పెరిగినవాడు. వాళ్ల వెనకే మబ్బు దిగింది. మబ్బంటే మబ్బా! మూడు పగళ్లు సూర్యుడికే దారి దొరకలేదు. మూడు రాత్రులు ఒక్క చుక్క పొడవలేదు.

ఆ పేటకొక కట్టుబాటు ఉండేది. తెప్ప తిరిగిరాకపోతే ఆ ఇంటి పొయ్యిలో సముద్రపు నీళ్లు పొయ్యాలి. పోసేదాకా ఇంకెవరి తెప్పా కదలకూడదు. కదిలితే సముద్రం ఇంకొకణ్ణి అడుగుతుందని భయం.

మొదటి సాయంత్రం కులపెద్ద దానయ్య ముంతతో నీళ్లు తెచ్చాడు.

"పోసీ, సెల్లీ."

"ఇయ్యాల కాదన్నా."

రెండో సాయంత్రానికి తాటాకు అయిపోయింది. దేముడమ్మ తన గుడిసె కప్పే పీకి పొయ్యిలో పెట్టింది. ఆ మంట మబ్బుకి చిల్లు పెట్టిందట! దానయ్య మళ్లీ వచ్చాడు.

"పోసీ, సెల్లీ."

"ఇయ్యాల కాదన్నా."

మూడో సాయంత్రం దానయ్య వెనక పేటంతా వచ్చింది. అసలే చేపలు పడని రోజులు. పైన మూడు రోజులుగా తెప్ప కదల్లేదు. నూకాలు చంకలో పసిది ఏడ్చి ఏడ్చి, గొంతు పోయి, ఉత్త నోరు తెరుస్తోంది. దానయ్య ఈసారి ముంత కింద పెట్టి తల తిప్పుకున్నాడు.

దేముడమ్మ ఆ పసిదాని నోరు చూసింది. ముంత తీసుకుంది. తన చేత్తోనే పోసింది. పొయ్యి చుయ్యిమంది. ఒడ్డు చీకటైపోయింది.

తెల్లారేసరికి మబ్బు విడిపోయింది. విరిగిన తెప్ప దుంగ ఒకటి పట్టుకుని కారయ్య ఒక్కడే కొట్టుకొచ్చాడు. దేముడమ్మ తడిబూడిద ముందు కూర్చుని ఉంది.

"ఆడేడిరా?"

కారయ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"రెండు రాత్రులు నీ మంటే సూసి తెడ్డేసినాం, పెద్దమ్మా. ఎదురుగాలి. అయినా నిన్న మాపటికి దగ్గరకొచ్చీసినాం. అప్పుడు మంట పోయింది. ఇదే ఒడ్డురా, ఇలాగే పోదాం అన్నాను. ఆడు ఇనలేదు. 'మాయమ్మ పొయ్యి ఆరదు. ఇది మన ఒడ్డు కాదు' అని తెప్ప తిప్పీసినాడు."

దేముడమ్మ ఏడవలేదు. నూకాలే ఏడ్చింది. "అప్పా, నా బిడ్డ కోసరం..." అని కాళ్ల మీద పడబోయింది.

"లెగే. నీ పొయ్యిలో నిప్పుంటే అట్టుకురా" అంది దేముడమ్మ.

ఆ పూటే మళ్లీ రాజేసింది. ముప్పై ఏళ్లు ఆరనివ్వలేదు. మూడు ఉప్పెనలొచ్చాయి. మొదటిదానికి కొంగు అడ్డం పెట్టింది. రెండోదానికి వీపు అడ్డం పెట్టింది. మూడోదానికి పేటంతా కొండెక్కితే, నిప్పుల కుండ నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్లలో రాత్రంతా నిలబడింది! మరి ఆ ఒడ్డున ఒక్క తెప్పా దారి తప్పలేదు. అందరి కొడుకులూ వచ్చారు. వచ్చిన ప్రతివాడికీ గరిటె పోసి, వాడి వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని నీళ్లకేసి చూసేది.

ఒక కార్తీకంలో దేముడమ్మ పోయింది. ఆ ఏడుపులో పొయ్యి సంగతి అందరూ మరిచారు. సముద్రం మీదున్న కారయ్యకి ఒడ్డు కనబడలేదు. తలెత్తాడు. ఉత్తరాన ఐదు చుక్కలు, పక్కపక్కనే రెండు గుడిసెల కప్పుల్లా. వాటి కుడిపక్కన, కాస్త కిందుగా, అంతకుముందు ఎవరూ చూడని పొగ. దాన్ని కుడిభుజాన పెట్టుకుని తెడ్డేశాడు. ఇల్లు చేరాడు.

పంచాంగం చదివినవాళ్లు ఆ ఐదు చుక్కల్ని శర్మిష్ఠ అంటారు. రాకుమారి అట, దాసీ అయిందట. పేటవాళ్లకి అవి దేముడమ్మ గుడిసె, నూకాలు గుడిసె. ఆ పొగ నేరుగా చూస్తే చెదిరిపోతుంది, కాస్త పక్కకు చూస్తే నిలుస్తుంది. దుర్భిణి పెట్టి చూసినవాళ్లు మాత్రం అది పొగ కాదు, రెండు గుప్పెళ్ల నిప్పురవ్వలన్నారు.

ఆ ఒడ్డున ఇప్పటికీ ఎవరూ పొయ్యిలో నీళ్లు పొయ్యరు. తెప్ప రాని ఇంటికి ప్రతి ఇంటినుంచీ రోజుకొక కట్టె వెళ్తుంది. ఎన్నాళ్లని ఎవరూ అడగరు.