స్పీకరు సేవ

మౌలాలి పేరు వింటేనే దస్తగిరికి ఒళ్లు మండిపోయేది.

ఇద్దరూ మస్తాన్ బాబా శిష్యులే. బాబా తన గురువుగారి మాటలను ఎప్పుడో టేపుల్లో పట్టి దాచుకున్నారు. ఇప్పుడవి శిష్యులందరి ఫోన్లలోనూ ఉన్నాయి. గురువారం సాయంత్రం ఒక శిష్యుడు వాటిని తన ఫోనులోంచి వైర్‌లెస్ స్పీకరుకు కలిపి అందరికీ వినిపించాలి. ఏళ్ల తరబడి ఆ సేవ దస్తగిరిదే. ఆ కాసేపూ అతను నేల మీద నడిచేవాడు కాదు.

మొన్న రంజాన్ తర్వాత మౌలాలి వచ్చి చేరాడు. అప్పటినుంచి స్పీకరులో మాట తెగడం మొదలైంది. టేపులోని పెద్దాయన, బాబా గురువుగారు, ఏదో చెప్పబోతారు, సగంలో గొంతు ఆగిపోతుంది. వినేవాళ్లు ముఖాలు చూసుకుంటారు.

"వచ్చే వారం మౌలాలిని పెట్టమందాంలే" అన్నారు బాబా.

దస్తగిరి మర్నాడు పొద్దున్నే బాబా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బాబా, స్పీకరును దొంగచాటుగా తన ఫోనుకు లాక్కుంటున్నది మౌలాలే! వాడు చేరిన రోజునుంచీ నేను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను."

"ఎట్లా కనిపెడుతున్నావు నాయనా?"

"నా ఫోను దగ్గర్లో ఏమేం ఫోన్లున్నాయో వెతికి చూపిస్తుంది కదా, అది నొక్కుతూనే ఉంటాను. వాడి ఫోను పేరు అందులో పైనే ఉంటుంది!"

బాబా మౌలాలిని పిలిచి, ఫోను ఆపేసి పాలు తెమ్మని బజారుకు పంపారు. తర్వాత స్పీకరును దస్తగిరి ముందుకు జరిపారు.

"పెట్టు."

పెద్దాయన గొంతు హాయిగా వినిపించింది.

"ఇప్పుడు కనిపెట్టు."

దస్తగిరి వెతుకులాట నొక్కాడు. గొంతు తెగిపోయింది. ఆపాడు, వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ తెగింది. మౌలాలి ఇంకా బజారులోనే ఉన్నాడు.

అతను పాలతో తిరిగొచ్చాక బాబా అతని ఫోనుతోనూ అట్లాగే చేయించారు. అది చుట్టుపక్కల ఇళ్లలోని ఫోన్లను కూడా వరసగా చూపించింది. గొంతు మాత్రం ఎక్కడా తెగలేదు.

దస్తగిరి ముఖం మాడిపోయింది. "వాడిది వెతికినా తెగదు, నాదెందుకు తెగుతుంది బాబా? రెండూ ఒకే అంగట్లో కొన్నవే!"

"లోపలి సరుకు వేరు. అతనిది వెతుకుతూ కూడా పలకగలదు. నీది ఒకసారికి ఒక్క పనే చేస్తుంది."

"అయితే నేనూ అట్లాంటిదే కొంటాను. సేవ మాత్రం వాడికి ఇవ్వకండి."

"కొనుక్కో" అన్నారు బాబా పాలగిన్నె అందుకుంటూ. "నిన్న తెగకుండా వినిపించిన కాసేపట్లో మా గురువుగారు ఏం చెప్పారు?"

దస్తగిరి నోరు తెరిచాడు. ఎంత తడుముకున్నా ఒక్క మాటా గుర్తుకు రాలేదు. మౌలాలి ఫోను పేరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అతను తల దించుకుని, తన ఫోనును చాప మీద బోర్లా పెట్టాడు.