త్రేన్పు వచ్చేదాకా

మృదంగం నేర్పే గుమ్మలూరి పరదేశయ్యగారికి ఒక అలవాటు ఉండేది. పాఠంలో ఒక ముక్క చెప్పి, శిష్యుడు దాన్ని సరిగ్గా వాయించగానే ఇక ఊరికే కూర్చోమనేవారు. ఎంతసేపన్నది ఆయన ఇష్టం. మా కాలేజీలో చరిత్ర చెప్పే మేష్టారొకాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. గంట కొట్టేదాకా నోట్సు చెప్పి, కొట్టాక మెట్లు దిగుతూ కూడా చెప్పేవాడు. ఆయన చెప్పిన చరిత్రలో నాకిప్పుడు గుర్తున్నది ఆయన గొడుగొక్కటే. అది అలా ఉంచండి.

విజయనగరంలో పరదేశయ్యగారి దగ్గర చేరిన కామేశం ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, నాతోపాటు మొదలుపెట్టినవాళ్లు వేరేచోట కచేరీలకు వాయిస్తున్నారు. మీరేమో పావు పాఠం చెప్పి, మిగతా పొద్దంతా ఊరికే కూర్చోబెడతారు. ఎందుకండీ?"

ఆయన నోరు విప్పేలోగా లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

అది ఆయన మనవడు. కూతురు వారిజ పురిటికి వచ్చి అక్కడే ఉంది. ఆ బిడ్డ ఆబగా పాలు తాగేవాడు, విల్లులా వెనక్కి వంగి గుక్కపట్టి ఏడ్చేవాడు, తాగిందంతా పుల్లటి వాసనతో కక్కేసేవాడు. బరువు పెరగడం లేదు. పిల్లల డాక్టరమ్మ చూసి, "భయం లేదు. పొట్ట పైమూతి ఇంకా గట్టిపడలేదు, పులుపు పైకి తన్నుతోంది. కొంచెం కొంచెంగా పట్టండి, పట్టాక కాసేపు నిటారుగా ఎత్తుకోండి. వచ్చే వారం బరువు చూద్దాం" అని చెప్పింది. అందరూ తలలూపి ఇంటికొచ్చారు. ఇంట్లో మాత్రం రాజ్యం పరదేశయ్యగారి భార్య సూరమ్మగారిది. ఆవిడకు తెలిసిన పద్ధతి ఒకటే. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, పిండిన తల్లిపాలు వెండి ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం. కక్కితే, కడుపు ఖాళీ అయిందని మళ్లీ పోయడం. కాదనడానికీ లేదు, వారిజ కూడా అలా పెరిగినదే.

ఆ ఉదయం రెండోసారి పోసినవి కూడా బయటికొచ్చేశాయి.

"నీ పాలే వీడికి పడ్డంలేదే. ఇవాళ్టితో మానిపించి డబ్బాపాలు మొదలెడదాం" అంది సూరమ్మగారు.

పాలు చేపి జాకెట్టు తడుస్తుంటే, అదేదో తన తప్పన్నట్టు వారిజ కొంగు కప్పుకుంది.

పరదేశయ్యగారు లోపలికి వెళ్లి చేతులు చాపారు. "వాణ్ణి ఇలా ఇవ్వు."

"మద్దెల వాయించుకునే మీకెందుకండీ ఇది? ఆ చెయ్యి పడితే బిడ్డ ఉంటాడా?"

"బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తోలుమీద చెయ్యి వేస్తున్నవాణ్ణి. ఎక్కడ గట్టిగా వెయ్యకూడదో నాకు తెలీదంటే ఎలాగే?"

బిడ్డను నిటారుగా భుజాన వేసుకున్నారు. "కామేశం, నెమ్మదిగా తాళం వెయ్యి. నేను చెప్పేదాకా ఆపకు." ఆ తాళానికి ఆయన అరచెయ్యి బిడ్డ వీపుమీద తట్టీ తట్టనట్టు పడసాగింది. బిడ్డ తాతగారి మెడ దగ్గర పాలకోసం వెతికాడు. దొరక్క ఏడ్చాడు. సూరమ్మగారు ఉగ్గుగిన్నె పట్టుకుని దగ్గరికొచ్చింది.

"ఆకలండీ వాడికి. మీకు జాలి లేదా?"

"ఉంది. అందుకే ఆగమంటున్నాను."

కామేశం చేతులు లాగేస్తున్నాయి. అయినా తాళం ఆపలేదు.

అప్పుడు ఆ బిడ్డ ఒక్క త్రేన్పు త్రేన్చాడు. విందు ముగించి పీటమీదనుంచి లేచే జమీందారు త్రేన్పు అది. ఏడుపు ఆగిపోయింది. వారిజ పకపకా నవ్వింది. పురిటి తర్వాత ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదలు.

"ఇప్పుడు నువ్వే పట్టమ్మా. తల ఎత్తుగా ఉంచి, కాస్తే" అన్నారు పరదేశయ్యగారు. సగంలో ఆపించి మళ్లీ భుజాన వేసుకున్నారు. ఆ పూట తాగినవి కడుపులో నిలిచాయి. మర్నాడు కొంచెం కక్కాడు. కక్కాడని ఎవరూ మళ్లీ పోయలేదు.

వారం తిరిగాక డాక్టరమ్మ తూకం ముల్లు చూసి, "తల్లిపాలేనా?" అని అడిగింది.

"నా పాలేనండీ" అంది వారిజ, బయట వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా వినపడేట్టు. తిరుగుప్రయాణంలో రిక్షాలో బిడ్డను జెండాలా నిలువుగా పట్టుకుని వీధంతా చూపిస్తూ వచ్చింది. ఇంటికి చేరేసరికి సూరమ్మగారు పెరటిగోడ మీదుగా పక్కింటావిడకు బోధిస్తోంది: "పసివాళ్లకు ఆత్రపడి పోసెయ్యకూడదమ్మా. మా ఇంట్లో ఆ అలవాటే లేదు."

ఈ సంబరమంతా సద్దుమణిగాక కామేశం మృదంగం ముందుకు లాక్కున్నాడు.

"గురువుగారూ, నిన్న చెప్పిన ముక్క వచ్చేసింది. తర్వాతది చెప్పండి. ఆవేళ నేనడిగినదానికి జవాబు కూడా మీరింకా చెప్పలేదు."

పరదేశయ్యగారు లేచి వెళ్లి, అతని వీపుమీద మెల్లగా తట్టారు.

"నువ్వింకా త్రేన్చలేదురా" అన్నారు.