తొమ్మిది వందల కోట్ల ఫోన్ నంబరు

ఏడుకొండలు పిలిస్తే జనం వస్తారు. వింటారు. చప్పట్లు కొడతారు. పోతారు. మళ్లీ ఒక్కరూ ఇటు తొంగి చూడరు. అదీ అతని బాధ.

ఒంగోలులో ఇంట్లో కూర్చుని ఓ కంపెనీకి పనిచేసే ఈ కుర్రాడు, తీరిక వేళల్లో 'వినికిడి' అనే సాఫ్ట్‌వేర్‌ను సాకుతున్నాడు. ఫోను తెర మీదున్న తెలుగును అది పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేని పిల్లలు ఎందరో దాంతోనే పాఠాలు వింటున్నారు. మొదట దాన్ని రాసింది మార్కాపురం ఖాదర్‌వలీ సారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొండలు ఆయన దగ్గర చదువుకున్నవాడే.

వినికిడి ఓపెన్‌సోర్స్. అంటే దాని లోపలి ప్రోగ్రాం అందరికీ కనపడుతుంది, వంట గిన్నె మీద మూత ఉండదు. ఎవరైనా తొంగి చూడొచ్చు, ఉప్పు చాలకపోతే వేయొచ్చు. అయితే వేసే చెయ్యి రావాలి కదా! సారు ఈ ఏడాదితో తాను మానేస్తానని చెప్పేశాడు. కొత్త రకం ఫోన్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని సరిచేయకపోతే ఆ గొంతు మూగబోతుంది. ఉద్యోగం చేసుకుంటూ కొండలు ఒక్కడే ఎంతకాలమని లాగుతాడు?

అందుకే ఇంటర్నెట్‌లో మీటప్‌లు పెట్టి ప్రోగ్రామర్లను పిలవడం మొదలుపెట్టాడు. పిలవడం అంటే అలాంటిలాంటి పిలుపు కాదు. రంగురంగుల పోస్టర్లు, ముందురోజు ఓసారి, గంట ముందు ఓసారి గుర్తుచేసే మెసేజీలు, చూపించడానికి కట్టలకొద్దీ స్లైడ్లు. పెళ్లివారు వస్తున్నారంటే ఇంటికి సున్నం వేయించినట్టు, మీటప్ ముందు వారమంతా కూర్చుని వినికిడిలో ఉన్న చిన్నాచితకా తప్పులన్నీ తుడిచేసేవాడు. వచ్చినవాళ్ల కంట ఒక్క మరకైనా పడకూడదని అతని పంతం.

ఈసారి మీటప్ ఆదివారం. శనివారం పొద్దున్నే బస్సెక్కి మార్కాపురం వెళ్లాడు.

సారు వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఆ ఇంటికి కలెక్టరు వచ్చినా ముందు చేతికి ఏదో ఒక పని తగులుతుంది, తర్వాతే టీ. సారు పళ్లెం కొండలు వైపు జరిపాడు.

"ఏందిరా, మొహం అట్టా పెట్టావు?"

"రేపు మీటప్ సార్. ఇదే ఆఖరుదేమో అనిపిస్తంది." కొండలు కాయ అందుకున్నాడు. "కెమెరాలు ఆపేసుకుని కూర్చుంటారు. ప్రశ్నలున్నాయా అంటే ఒక్కరూ నోరు తెరవరు. గోడకి చెప్పినా కాస్త మోగుద్ది కదా సార్!"

"మేమేం చెయ్యాలని ఎవరూ అడగలేదా?"

"ఎందుకడగలేదు? పోయినసారి పాలకొల్లు నుంచి స్వర్ణకుమారి గారని ఒకావిడ అడిగింది. చిన్నవన్నీ నేను చేసేశానండీ, పెద్దవి మీకు కష్టం, మళ్లీ ఏదన్నా వస్తే కబురు చేస్తానని చెప్పా."

"చేశావా?"

"అట్టాంటివి వస్తే నేనే చేసేస్తాగా సార్. పది నిమిషాల పని."

సారు గడ్డంలో నవ్వుకున్నాడు.

కొండలు ఏ పనైనా మనసు పెట్టి చేసే రకం. మాట్లాడుతూ మాట్లాడుతూనే పళ్లెం ముందుకు లాక్కుని, సారు చేతిలో ఉన్న గుప్పెడు కూడా తీసుకుని, అన్నీ ఒలిచి కుప్ప పెట్టాడు. ఇంతలో సారు భార్య రజియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది. కబుర్లు చెప్పుకుందామని వచ్చిందో ఏమో, కాయ కోసం చెయ్యి చాపితే పళ్లెంలో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు.

"అయితే నాతో పనేం లేదన్నమాట," అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

సారు ఆమె వెళ్లిన వైపు చూసి, కొండలు వైపు చూసి, పగలబడి నవ్వాడు. ఎందుకు నవ్వాడో కొండలుకి అర్థం కాలేదు.

"రేపు నేనూ వస్తాలేరా మీటప్‌కి," అన్నాడు సారు.

కొండలు ఉబ్బిపోయాడు. "మీరు రావడమేంది సార్, సభాధ్యక్షులు మీరే!" అని, గౌరవం కొద్దీ మీటింగు పగ్గాలన్నీ ఆయన పేరు మీదికి మార్చేశాడు. ఎవరి మైకు తెరవాలి, ఎవరిది మూయాలి, అన్నీ సారు చేతిలోకే వెళ్లాయి. పూలదండ వేశాననుకున్నాడు పాపం.

ఆదివారం పొద్దున జనం బాగానే వచ్చారు. తెర నిండా నల్లటి గళ్లు, వాటిలో తెల్లటి పేర్లు. కొండలు గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, మొదటి స్లైడు తెరిచాడు.

"ముందు నేనొకటి చూపిస్తా," అన్నాడు సారు.

చూపించాడు. కొండలు శుక్రవారం నాడు ఎంతో ముచ్చటగా రాసిన ఓ దిద్దుబాటును అందరి కళ్లముందే పీకి అవతల పెట్టాడు. తర్వాత తన ఫోన్ నంబరు చదవమని వినికిడిని అడిగాడు.

వినికిడి గంభీరంగా అందుకుంది. "తొమ్మిది వందల నలభై నాలుగు కోట్ల, ముప్పై రెండు లక్షల..."

కొండలుకి తల కొట్టేసినట్టయింది. "సార్, సార్, అది నేను సరిచేసి..." అన్నాడు. మాట సగంలో ఉండగానే అతని మైకు మూతపడింది.

పొరపాటున నొక్కి ఉంటాడనుకున్నాడు. చేతులు ఊపాడు. లాభం లేక ఫోను చేశాడు. తెర మీద సారు తన ఫోను తీసి చూసుకుని, మంచం మీద బోర్లించి, పైన ఆ పూట కోసిన చిక్కుడుకాయల పళ్లెం పెట్టాడు. పళ్లెం కింద అది కాసేపు గొణిగి ఊరుకుంది.

ఇక చేసేదేముంది? తీసేసిన దిద్దుబాటు తన కంప్యూటర్లో ఉండనే ఉంది. ఒక్క మీట నొక్కితే మళ్లీ ఎక్కించేయొచ్చు. కొండలు కీబోర్డు మీదికి వంగాడు.

"కొండలూ, చేతులు కట్టుకో నాయనా," అన్నాడు సారు, పాలిటెక్నిక్‌లో అన్నట్టే.

అంతమంది చూస్తుండగా కొండలు చేతులు కట్టుకున్నాడు.

"ఇదీ సంగతి. ఫోన్ నంబరును ఇట్టా చదువుతోంది," అన్నాడు సారు. "ఎవరన్నా చూస్తారా?"

ఎవరూ పలకలేదు. సారు ఓ కాయ తీసుకుని నింపాదిగా ఈనె లాగాడు. ఇంకో కాయ తీశాడు. ఆ నిశ్శబ్దం కొండలు గుండెల మీద రోలులా కూర్చుంది. అయిపోయింది, పరువు పోయింది, వినికిడీ పోయింది అనుకున్నాడు.

అంతలో ఎవరిదో నవ్వు వినిపించింది. చీరాల మార్టిన్ గారు, చూపు లేని సంగీతం మాస్టారు. "ఏడాది నుంచి వింటున్నానండీ ఈ కోట్లు! మా బావమరిది ఫోను చేస్తే ఎవరో జమీందారు పిలుస్తున్నాడనుకునేవాణ్ణి. వాడేమో అప్పు అడగడానికి చేసేవాడు!"

నల్లటి గళ్లలోంచి గొల్లున నవ్వారు. మూసుకున్న కెమెరాలు రెండు మూడు తెరుచుకున్నాయి.

"నేనోసారి చూడొచ్చాండీ?" అంది ఓ ఆడగొంతు. పాలకొల్లు స్వర్ణకుమారి. వెనకాల కుక్కరు కూత పెట్టింది. "ఒక్క నిమిషమండీ, స్టవ్ తగ్గించొస్తాను."

వచ్చి కూర్చుంది, తడుముకుంటూ ఏదో రాసింది. ఈసారి వినికిడి ఫోన్ నంబరును ఒక్కో అంకె విడదీసి చక్కగా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. సారు మాత్రం తాపీగా, "మా ఇంటి అద్దె చదివించమ్మా," అన్నాడు.

"నాలుగు. సున్నా. సున్నా. సున్నా," అంది వినికిడి.

"అయ్యబాబోయ్!" అంది స్వర్ణకుమారి. నవ్వులు మిన్నుముట్టాయి.

"అక్కా, పది అంకెలుంటేనే అలా చదవమంటే సరిపోద్ది కదేటి?" బొబ్బిలి నుంచి సింహాచలం అనే విద్యార్థి మైకు తెరిచాడు. "మరి నా బ్యాంకు ఖాతా నంబరో?" అన్నారు మార్టిన్ గారు. అక్కడి నుంచి ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఒకరు రాస్తే ఇంకొకరు దిద్దారు, దిద్దినదాన్ని మరొకరు చెడగొట్టి నాలిక కరుచుకున్నారు.

కొండలు చేతులు కట్టుకునే ఉన్నాడు. వీళ్లు ఇంతమంది కిందామీదా పడి రాస్తున్నదాని కన్నా తను రాసింది వెయ్యి రెట్లు నీటుగా ఉంది. ఆ మాట చెప్పాలని మొదట్లో నాలుక దురదపెట్టింది. కాసేపటికి ఆ దురద తగ్గింది. వినికిడి సింహాచలం ఫోన్ నంబరును పాట పాడినట్టు సాగదీసి చదివినప్పుడు, మైకు లేకపోయినా, అందరితోపాటు తనూ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఇన్ని మీటప్‌లు పెట్టాడు గానీ, అతను నవ్విన మీటప్ ఇదే మొదటిది.

చివరికి నంబర్లు కుదిరాయి. అప్పుడు సారు అతని మైకు తెరిచాడు. "సభాధ్యక్షుడిగా అనుమతిస్తున్నా. ఇంక మాట్లాడు."

అందరూ అతని వైపే చూస్తున్నారు. కట్టలకొద్దీ ఉన్న స్లైడ్లలో ఒక్కటీ కొండలుకి గుర్తు రాలేదు.

"స్వర్ణకుమారి గారూ, అన్నం మాడిందాండీ?" అన్నాడు.

"మాడకేమండీ!" అంది ఆవిడ సంతోషంగా.

మీటప్ ముగిశాక, పళ్లెం కింది ఫోను బయటికొచ్చింది. సారే చేశాడు.

"నిన్న కూర బ్రహ్మాండంగా కుదిరిందిరా," అన్నాడు. "కానీ మీ రజియమ్మ సాయంత్రం దాకా నాతో పలకలేదు. ఈసారొచ్చినప్పుడు కాసిని కాయలు వదిలిపెట్టు."

కొండలు ఫోను పెట్టేసి మళ్లీ కంప్యూటరు ముందుకు జరిగాడు.

వినికిడిలో ఇంకో తప్పుంది. గడియారం పదిన్నర చూపిస్తే, 'పది, రెండు చుక్కలు, ముప్పై' అని చదువుతుంది. దానికి దిద్దుబాటు నిన్ననే బస్సులో రాసి పెట్టుకున్నాడు. ఎంతో నీటుగా ఉంది. ఓసారి ముద్దుగా చూసుకుని, చెరిపేశాడు.

తర్వాత అందరికీ కనపడేలా రాశాడు: "టైము ఇలా చదువుతోంది. ఎవరైనా చూస్తారా?"

మంచినీళ్లు తాగొచ్చేసరికి జవాబు వచ్చేసింది. బొబ్బిలి సింహాచలం.

"అన్నా, నువ్వు ముట్టుకోకు. ఇది నాది."