విరూపన్న కొత్త అక్షరాలు

మల్లభూపతి ఒక చిత్రశాల కట్టించాడు. కట్టించి ఊరుకోవచ్చు కదా! దాని ద్వారం మీదా, ముద్రల మీదా, జెండాల మీదా ఉండే అక్షరాలు లోకంలో ఇంకెక్కడా కనిపించకూడదన్నాడు. ఆ పని ఆస్థాన చిత్రకారుడు విరూపన్నకు అప్పగించాడు.

తనను మించినవాడు పుట్టలేదని విరూపన్న నమ్మకం. తలకట్టు తలకట్టుకీ ఒక నెమలిని కూర్చోబెట్టాడు, కొమ్ము కొమ్ముకీ తీగలు చుట్టాడు. చివరికి ద్వారం మీద అడవి మొలిచింది. సభంతా ఆహా ఓహో అంది. అక్కడేం రాసుందో ఒక్కరికీ తెలియదు, తెలియదని చెప్పే దమ్ము అంతకన్నా లేదు.

విదూషకుడు చెంగప్పకు ఒళ్లు మండింది. గుమ్మం చూస్తే ఇది చిత్రశాలో పక్షుల సంతో తెలియడం లేదని పైకే అనేశాడు.

చదవడం చేతకానివాళ్లకు సభలో చోటెందుకని విరూపన్న మూతి తిప్పాడు. ఒకసారి మెచ్చుకున్నాక రాజు వెనక్కి తగ్గుతాడా? ఆ అక్షరాలు పనికిరావని పొద్దుగూకేలోగా రుజువు చేయమని చెంగప్పతో అన్నాడు, లేదంటే కొలువు వదిలి పొమ్మన్నాడు. అంతటితో ఆగక, ఏటి ఒడ్డు మామిడితోటను విరూపన్నకు రాసిచ్చేస్తున్నానన్నాడు.

ఈ డాంబికుడి మూలంగా ఇంటిల్లిపాదికీ కూడు పోతుందా అని చెంగప్ప ఉడికిపోయాడు. అంతలో దానశాసనం చెక్కడానికి కంసాలి రాగిరేకు పట్టుకొచ్చాడు. దాన్ని చూడగానే చెంగప్ప చేతులు కట్టుకుని, ఎక్కడలేని వినయంతో అన్నాడు:

"ప్రభూ, తోట శాసనం కూడా విరూపన్నగారి కొత్త అక్షరాల్లోనే చెక్కిద్దాం."

రాజు సంబరంగా సరేనన్నాడు. రాగి మీద నెమళ్లు బాగుండవని విరూపన్న నసిగాడు. తాను దగ్గరుండి బాగా చెక్కిస్తానని చెంగప్ప ధైర్యం చెప్పాడు. కంసాలి ఉలి ఎత్తాడు.

"వద్దు ప్రభూ," అని విరూపన్న అడ్డుపడ్డాడు. "మామూలు అక్షరాల్లోనే చెక్కించండి. రేపు పక్క తోటవాడు హద్దు జరిపితే, ఆ శాసనం చదివి నా తరఫున చెప్పేదెవరు?"

చెంగప్ప తాపీగా అన్నాడు:

"విన్నారా ప్రభూ? తమ చిత్రశాలకైతే నెమళ్లు, ఆయన తోటకైతే అక్షరాలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటిదాకా ఆహా అన్నవాళ్లంతా ఆయనకన్నా గట్టిగా నవ్వారు. రాజు విరూపన్న కోరినట్టే మామూలు అక్షరాల్లో శాసనం చెక్కించాడు, పేరు మాత్రం చెంగప్పది వేయించాడు. దాన్ని సభలో అందరూ తడుముకోకుండా చదివారు, విరూపన్నతో సహా.