మునసబుగారి మేకపిల్ల

మునసబు గవర్రాజు ఆరున్నర అడుగుల మనిషి. మోటారుసైకిలు నేర్చుకుంటానని మెకానిక్ సైదులు కొట్టుకి వచ్చాడు. సైదులు చిన్న బండి చూపించగానే కళ్లెర్రజేశాడు.

"నా పొడవుకి ఈ మేకపిల్లా? ఆ పెద్దది తియ్. నేను నవ్వులపాలయ్యానో, నీ కొట్టు పీకిస్తా!"

చుట్టూ జనం మూగారు. సైదులు పెద్ద బండిని నేలమీద పడుకోబెట్టాడు.

"లేపి తీసుకెళ్లండి, అయ్యగారూ. నేర్చుకునేటప్పుడు పడితే ఇలాగే లేపుకోవాలి."

మునసబు వంగాడు. మెడనరాలు తేలాయి, పంచె జారింది, బండి మాత్రం లేవలేదు.

"అయినా నేనెందుకు పడతానురా?" అని రొప్పుతూ గద్దించాడు.

"మీరు పడరండీ, బండి పడుద్ది. లేపడానికి ఊరంతా రావాలి, వచ్చినోళ్లు నవ్వకుండా పోరు. చిన్నదైతే మీ పొడుగు కాళ్లు రెండూ నేలకానతాయి, అసలు పడదు."

మునసబు పంచె బిగించుకుని జనం వంక చూశాడు.

"ఆ మేకపిల్లకే పెట్రోలు పొయ్యి."