కాకితో ఇంగ్లీషు

హరికథ నేర్చుకుంటున్న మాణిక్యానికి ఒకటే దిగులు. గురువు సోమదాసుగారు కథ మొత్తానికి ఒక్క ఇంగ్లీషు మాట వేస్తే పందిరి పందిరంతా గొల్లున నవ్వేది. తను పది వేసినా ముందు కూచున్న పిల్లలు మాత్రమే నవ్వేవారు.

ఆయనకి తెలిసిన మాటలేవో తనకింకా తెలియవనుకుంది. ఎక్కడెక్కడి మాటలో ఏరుకొచ్చి, అద్దం ముందు చిడతలు వాయిస్తూ వల్లె వేసేది.

ఆ ఏడు సామర్లకోటలో హరిశ్చంద్ర కథ. సమయానికి గురువుగారి గొంతు పట్టేసింది. "నువ్వు చెప్పమ్మాయ్, నేను వెనకాల కూచుంటా" అన్నారు.

మాణిక్యం బాగానే చెప్పింది. చంద్రమతి చచ్చిపోయిన కొడుకుని ఒళ్లో వేసుకుని ఏడుస్తుంటే జనం కళ్లొత్తుకున్నారు. కాటిసుంకం అడిగే ఘట్టం రాగానే మాణిక్యం నడుం మీద చెయ్యి పెట్టి, "నో ఫీజు, నో ఎంట్రీ మేడమ్!" అంది.

పందిరి దద్దరిల్లిపోయింది. ఎన్నాళ్లకో దొరికిన నవ్వు! ఆ నవ్వుల మధ్యే ఒక పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోవడం మాణిక్యం కంటపడింది.

హారతి అయ్యాక ఆవిడెవరో తెలిసింది. రైల్వే గార్డుగా చేసి రిటైరైన పేరయ్యగారి భార్య, వరహాలమ్మ. ఆయన పోయాక గడప దాటి రావడం అదే మొదలట.

మాణిక్యానికి అన్నం సయించలేదు. గురువుగారు పల్లెత్తు మాటనలేదు. పొద్దున్నే కండువా వేసుకుని, "పద తల్లీ, ఆవిణ్ణి చూసొద్దాం" అన్నారు.

వరహాలమ్మ చాప వేసింది. మాణిక్యం ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమంది.

"నీ తప్పేముందమ్మా, నా మనసే బాగాలేదు" అంటూ ఆవిడ మొదలుపెట్టింది. ఆయన జబ్బు, ఆసుపత్రి, ఆఖరి చూపు. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ చెప్పింది. మాణిక్యం మధ్యలో ఏదో ఓదార్చబోతే గురువుగారు చేత్తో వారించారు. ఆయన ఊఁ కొడుతూ వింటూనే ఉన్నారు.

"పదో రోజున పిండం పెడితే ఒక్క కాకీ ముట్టలేదు దాసుగారూ. గోడ మీద వాలి, చూసి, ఎగిరిపోయాయి. ఏ కోరిక మిగిలిపోయిందో, నా మీద ఎంత అలిగారో..."

"కాకులంటే ఇష్టమేనా ఆయనకి?"

"ఇష్టమా! వడియాలు పెడితే చాలు, కర్ర పట్టుకుని 'గెటవుట్, గెటవుట్' అని తరిమేవారు. తెలుగులో చెబితే వాటికి లెక్కుండదనేవారు."

దాసుగారు కాసేపు పెరటి గోడకేసి చూశారు.

"మరి ఆ రోజు మీవాళ్లు ఎలా పిలిచారమ్మా వాటిని?"

"కా, కా అని. అందరూ పిలిచినట్టే."

"అదీ సంగతి. 'కమిన్ ప్లీజ్' అనాల్సింది."

వరహాలమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత పెదవి కదిలింది. ఆపుకుందామనుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"అంతే అయ్యుంటుంది! ఆయన మాట జవదాటడానికి వాటికెన్ని గుండెలు!" అంటూ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూనే కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

తిరిగి వస్తుంటే మాణిక్యం అంది.

"ఆ ఇంగ్లీషు మాట నాకూ తెలుసు గురువుగారూ."

సోమదాసుగారు ఆమె తల మీద చెయ్యి వేశారు.

"నాకొచ్చిన ఇంగ్లీషు అంతేనమ్మా. అందుకే వినడానికి బోలెడు తీరిక."