వూకెంగ్‌కు నీళ్ళు

షెన్ గురువుగారితో ఒక చిక్కుంది. సూటిగా అడిగినదానికి ఆయన సూటిగా చెప్పరు. చైనాలో ఒక కొండ పట్నంలో చాలాకాలం బడిపంతులుగా చేసి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది అధికారులయ్యారు. ఏ సంగతీ తేల్చుకోలేనప్పుడు వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంటారు. ఆయన టీ పోసి, ఇంకెవరి సంగతో చెప్పి పంపేస్తారు. వచ్చినవాడు తల గోక్కుంటూ మెట్లు దిగాల్సిందే.

ఆ రోజు వచ్చినవాడు చియావ్. చిన్న మండలానికి అధికారి. పట్టుబట్టి అక్కడొక ఆసుపత్రి మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, పైకప్పు ఇంకా పడలేదు. ఇంతలో జిల్లాకు రమ్మని ఉత్తర్వు వచ్చింది.

"పైకి వెళితే ఇంకా పదిమందికి మేలు చెయ్యొచ్చు కదా గురువుగారూ! వెళ్ళడం తప్పంటారా?" అన్నాడు. అడగడానికి వచ్చాడో, అవుననిపించుకోవడానికి వచ్చాడో ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

గురువుగారు తప్పనలేదు, ఒప్పనలేదు. "నీకంటే ముందు తాన్ అని ఒకడు నా దగ్గర చదువుకున్నాడు" అని మొదలుపెట్టారు.

తాన్ కూడా మండలాధికారిగానే చేరాడు. అతని మండలంలో వూకెంగ్ అని కొండ మీద ఒక ఊరుంది. అక్కడ చుక్క నీరు లేదు. ఆడవాళ్ళు లోయలోకి దిగి, కావళ్ళతో నీళ్ళు మోసుకుంటూ పైకి ఎక్కేవాళ్ళు. వచ్చిన ప్రతి అధికారీ చూసి, అయ్యో అని, వెళ్ళిపోయాడు. తాన్ మాత్రం తనే ఒక కావడి ఎత్తుకుని కొండెక్కాడు. భుజం వాచిపోయింది. మర్నాడే కొండ తొలిచి కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. ఊరివాళ్ళతో కలిసి రాళ్ళు కొట్టాడు, ఆ ఊళ్ళోనే చిన్ అవ్వ అనే ముసలామె ఇంట్లో వాళ్ళు తాగే గంజే తాగాడు. అంత మంచివాడు, ఏమనగలం?

కాలువ సగం అయ్యేసరికి జిల్లాకు రమ్మని పిలుపొచ్చింది. చిన్ అవ్వ అతని చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వెళ్ళిపోతే ఇది ఇక్కడే ఆగిపోద్ది నాయనా. నీళ్ళొచ్చాక వెళ్ళు."

"జిల్లాలో కూర్చుంటే ఇంకా తొందరగా తెప్పిస్తాను అవ్వా" అన్నాడు తాన్. అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే అనుకున్నాడు పాపం.

తర్వాత వచ్చిన అధికారి కాలువ జోలికే పోలేదు. పాతవాడు మొదలెట్టిన పని పూర్తిచేస్తే పేరు పాతవాడికే పోతుంది మరి! సంతలో పెద్ద దీపాల స్తంభాలు నాటించి తన దారిన తను పైకెళ్ళాడు. జిల్లాలో తాన్‌కు అప్పగించింది రోడ్లు. నీళ్ళ సంగతి వేరేవాళ్ళ చేతిలో ఉంది. ఇంకొక్క మెట్టెక్కితే నా మాటకు తిరుగుండదులే అనుకున్నాడు. ఎక్కాడు. అక్కడ పై అధికారికి ఫ్యాక్టరీల పిచ్చి. ఇంకొక్క మెట్టు అనుకున్నాడు. ఆగిన ప్రతిచోటా ఏదో ఒక మంచిపని మొదలుపెట్టడం, అది సగంలో ఉండగా వెళ్ళిపోవడం. అలా అలా చివరికి ప్రావిన్సుకే గవర్నరయ్యాడు. గవర్నరుగా పెట్టిన మొట్టమొదటి సంతకం వూకెంగ్ కాలువ కోసమే.

ఈసారి అడ్డేముంది? ఇట్టే పూర్తయింది. ప్రారంభానికి తనే వెళ్ళాడు. కాలువకు రెండువైపులా జనం, జెండాలు, చప్పట్లు. కొండలోంచి నీళ్ళు దూకేసరికి తాన్‌కు కళ్ళు చెమర్చాయి. వరసలో ఉన్న ఒక ముసలమ్మ దగ్గరికి గబగబా వెళ్ళాడు.

"నీళ్ళొచ్చాయి కదమ్మా! చిన్ అవ్వ ఏది, కనబడదేం?"

ముసలమ్మ బెదురుగా పక్కనున్న అధికారుల వైపు చూసింది. "నాకు తెలీదయ్యా. మాది కింద ఊరు. చప్పట్లు కొట్టాలని బస్సులో ఎక్కించుకొచ్చారు."

"మరి ఈ ఊరివాళ్ళు?"

"ఇంకెక్కడి ఊరయ్యా! నీళ్ళ కరువుకు తట్టుకోలేక ఎప్పుడో తలో దిక్కూ పోయారు. కదల్లేని ముసలోళ్ళు ఇక్కడే పోయారు."

తాన్ అక్కడే నిలబడిపోయాడు. వెనక చప్పట్లు మాత్రం ఆగలేదు. ఆపమని చెప్పినవాళ్ళెవరూ లేరు కదా. తిరుగుదారిలో కారు ఈ ఇంటి ముందు ఆపించి, లోపలికొచ్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చి వెళ్ళాడు.

  చియావ్ లేచి, టోపీ తీసుకుని, "నేనలా కాదు గురువుగారూ. జిల్లాకెళ్ళినా ఆసుపత్రిని మాత్రం మరిచిపోను" అన్నాడు.

గురువుగారు చల్లారిన టీ పారబోస్తూ తల కూడా ఎత్తలేదు.

"తాన్ కూడా ఒక్కరోజూ మరిచిపోలేదు నాయనా."